సామూహిక ఏకాంతం

మా ఊరి శాఖా గ్రంథాలయం నుంచి నాకు వచ్చిన ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం కాబట్టి దాచుకున్నాను. అందులో ఇలా ఉంది:

"తమరి దరఖాస్తు పరిశీలించడమైనది. తమరి భర్త మరణించిన కారణంగా సంరక్షకుని సమ్మతి పత్రం జతపరచలేదని గమనించడమైనది. అయితే వితంతువులకు ఏకాంతం ఇదివరకే మంజూరై ఉన్నట్టు భావించడమైనది. ఒకే లబ్ధిదారుకు ఒకే ప్రయోజనం రెండుసార్లు ఇచ్చే వీలు లేనందున తమరి దరఖాస్తు తిరస్కరించడమైనది."

కూడబలుక్కుని చదవడానికి పావుగంట పట్టింది. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇంత మంచి సౌకర్యం నాకు మంజూరైన సంగతి ఈ ఆరేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. మా ఇంట్లో ఇద్దరు కోడళ్ళు, ఐదుగురు మనవలు, మంచానపడ్డ మరిది, రెండు మేకలు. మంజూరైన ఏకాంతం వీళ్ళలో ఎవరి కింద పడి నలిగిపోయిందో వెతకాలి.

మొదటి నుంచీ చెబుతాను.

నేను లేసు అల్లుతాను. ఏడో ఏట లేసు సూది పట్టాను. మా దగ్గర ఈ పని ముక్కలు ముక్కలుగా సాగుతుంది. ఒక ఇంట్లో పువ్వులు అల్లుతారు. ఇంకో ఇంట్లో ఆకులు అల్లుతారు. వేరే వీధిలో ఆడవాళ్ళు వాటన్నిటినీ ఒకదానికొకటి కలిపి అతుకుతారు. అతుకుపని అయ్యాక బల్లగుడ్డ ఎటు పోతుందో పువ్వులు అల్లినవాళ్ళకి తెలియదు. నేను యాభై ఏళ్ళకి పైగా పువ్వులే అల్లాను. ఒక్క బల్లగుడ్డ కూడా పూర్తిగా పరిచి ఉండగా చూడలేదు.

మా ఆయన నా చదువుకి ఎప్పుడూ అడ్డం చెప్పలేదు. "నేనున్నానుగా, నీకెందుకే" అనేవారు. ఉన్నారు. తర్వాత లేరు. బస్సు మీద ఏ ఊరి పేరుందో కూడా పక్కవాళ్ళని అడగాల్సి వచ్చింది. అప్పుడు, యాభై ఎనిమిదో ఏట, గ్రంథాలయంలో జరిగే మధ్యాహ్నం బడికి వెళ్ళాను. గ్రంథాలయాధికారి భానోజీరావు గారే అక్కడ పంతులు. మెత్తటి మనిషి. పుస్తకాల మీద దుమ్ము దులిపేటప్పుడు కూడా వాటికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు దులుపుతారు. అక్షరాలు నన్ను పెద్దగా కష్టపెట్టలేదు. 'ళ' చూస్తే లేసులో రెండు గొలుసులూ ఒక మెలిక. ఒత్తులు మాత్రం ఏడిపించాయి.

చదవడం వచ్చాక భానోజీరావు గారు నాకు ఒక సన్నటి పుస్తకం ఇచ్చారు. అట్ట ఊడిపోయింది. ఎవరో తెలుగులోకి మార్చిన అమెరికా కథ. పేరు 'లోపలి గొళ్ళెం'. రాసినావిడ పేరు లుసిండా వెదర్బీ. ఆ పేరు మాకు నోరు తిరగక, నేనూ మా సువార్తా ఆవిణ్ణి లూసమ్మ అనేవాళ్ళం. సువార్త నా పక్కింటి మనిషి. నేను అల్లిన పువ్వులకి తను ఆకులు అల్లుతుంది.

లూసమ్మ నూట యాభై ఏళ్ళ కిందటి మనిషి అని ముందుమాటలో ఉంది. ఓడరేవు ఊరు. భర్తకి కొవ్వొత్తుల వ్యాపారం. ఆవిడకి ముప్పైనాలుగేళ్ళప్పుడు ఆయన పోయాడు. నలుగురు పిల్లలు. వాళ్ళు నిద్రపోయే మధ్యాహ్నం పూట, పిండి సంచుల కాగితాల మీద కథలు రాసేది. ఆడదాని కథ వేసుకోం అని పత్రికలవాళ్ళు చెబితే, భర్త పేరు పెట్టి పంపింది. ఆయన పోయిన రెండేళ్ళకి ఆయన కథలు అచ్చయ్యాయి. మెచ్చుకుంటూ ఆయనకి ఉత్తరాలు వచ్చాయి. బతికుండగా చీటీ ముక్క రాయని మనిషి, చచ్చిపోయాక రచయిత అయ్యాడు. ఆ తర్వాతే ఆవిడకి కోపం వచ్చి సొంత పేరుతో ఈ పుస్తకం రాసిందట. ఊళ్ళోవాళ్ళు దాన్ని గ్రంథాలయంలోంచి తీయించేశారట.

కథలో దొర్కా అనే ఆవిడ ఉంటుంది. "మా బైబిల్లో కూడా దొర్కా ఉంది వదినా, బట్టలు కుట్టేది, మంచిది" అంది సువార్త. ఈ దొర్కాకి ఇంటినిండా జనం. ఒకరోజు బజారుకి వెళ్ళి ఒక గొళ్ళెం కొనుక్కొచ్చి, సరుకుల గది తలుపుకి లోపలివైపు బిగించుకుంటుంది. రోజూ భోజనాలయ్యాక ఒక గంట లోపలికి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుంటుంది. అంతే. ఇక ఊరు ఊరంతా ఆ తలుపు ముందుకి వస్తుంది. మొగుడు వస్తాడు. డాక్టరు వస్తాడు. పాస్టరు గారు వస్తారు. అత్తగారైతే మొదటి రోజునుంచీ అక్కడే. లోపల ఏం చేస్తోంది? అదే అందరి ప్రశ్న. నాదీ అదే ప్రశ్న.

పుస్తకం నూట ఇరవై పేజీలు. రోజూ భోజనాలయ్యాక గ్రంథాలయానికి వెళ్ళి, పత్రికల గదిలో మూల కుర్చీలో కూర్చుని రెండు పేజీలు చదివేదాన్ని. నూట ఎనిమిదో పేజీ చివర మొగుడు గొడ్డలి పట్టుకుని వడ్రంగిని వెంటబెట్టుకుని వస్తాడు. ఇక రేపు చదువుదామని పుస్తకం మూశాను. ఇంకా పన్నెండు పేజీలు. నా జన్మలో మొదటిసారి ఒక పని చివరిదాకా చూడబోతున్నాను.

ఆ మర్నాడు ఉమాకాంతం గారు వచ్చారు.

ముక్కామల ఉమాకాంతం గారు 'ప్రపంచ రచయిత్రుల స్మరణోత్సవ సంఘం' తరఫున జిల్లాకి వచ్చిన ప్రత్యేకాధికారి. ప్రతి శాఖా గ్రంథాలయం ఒక రచయిత్రిని దత్తత తీసుకుని ఆమె ఆశయాన్ని అమలు చేయాలని సంఘం తీర్మానించింది. మా గ్రంథాలయంలో ఉన్న ఏకైక పరాయి దేశపు రచయిత్రి లూసమ్మ. ఉమాకాంతం గారు ముందుమాటలో చివరి వాక్యం చదివారు. 'ప్రతి స్త్రీకీ రోజుకొక గంట తనదైన ఏకాంతం ఉండాలన్నదే ఈ రచయిత్రి కోరిక' అని ఉంది అక్కడ. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"దీన్ని పథకంగా రూపొందించడం జరుగుతుంది" అన్నారు.

ఆయన మాట్లాడితే ఏ పని ఎవరు చేశారో తెలియదు. అన్నీ వాటంతటవే జరిగిపోతుంటాయి.

"మిగతా పుస్తకం కూడా చదువుతారాండి?" అన్నారు భానోజీరావు గారు.

"అవసరం కలగలేదు. ఆశయం లభించింది కదా."

అలా మా ఊళ్ళో మహిళా ఏకాంత పథకం పుట్టింది. పుస్తకాన్ని స్మారక వస్తువుగా ప్రకటించారు. దానికి పసుపూ కుంకుమా పెట్టి, గంధం రాసి, వరండాలో గాజు పెట్టెలో పెట్టి తాళం వేశారు. నేను వెళ్ళేసరికి లూసమ్మ పుస్తకం పెళ్ళికూతురిలా పెట్టెలో కూర్చుని ఉంది.

"బాబూ, ఇంకా పన్నెండు పేజీలున్నాయండి" అన్నాను.

"స్మారక వస్తువును చదవడం నిషిద్ధమమ్మా. వేలి చెమట తగిలితే అక్షరాలు పాడవుతాయి."

"చదవకపోతే అక్షరాలు ఎందుకండీ?"

"దర్శనానికి."

భానోజీరావు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. ఆయనకి ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది.

"పోనీ, ఆ గొడ్డలి సంగతి ఏమైందో అది ఒక్కటైనా చెప్పండి" అని ఆయన్నడిగాను.

"చాలా కాలం కిందట చదివాను పల్లాలమ్మా. గుర్తులేదు" అన్నారు. ఆయన అబద్ధం చెబుతున్నారని తెలుస్తూనే ఉంది. చెబితే నాకు పుస్తకం పోయినట్టేనని ఆయనకి తెలుసు.

పథకంలో చేరితే లబ్ధిదారులకి ఉత్సవం రోజున పుస్తకం పట్టుకునే అవకాశం ఇస్తారని ఎవరో అన్నారు. అందుకే దరఖాస్తు పెట్టాను. దానికి వచ్చిన జవాబు మొదట్లోనే చెప్పాను.

దరఖాస్తు పెట్టిన మిగతా ముప్పై ఎనిమిది మందికీ సంరక్షకులున్నారు. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టడానికి సువార్త మొగుడు యేసుదాసు వచ్చాడు. పడవలు బాగుచేసే మనిషి. సంతకం చేసేముందు ప్రతి గడీ చదివించుకున్నాడు.

"ఏడో గడిలో ఏవుందండి?"

"'ఏకాంత సమయమందు లబ్ధిదారు ఎవరిని గురించి ఆలోచించునో సంరక్షకుడు తెలుపవలెను'" అని చదివారు భానోజీరావు గారు.

"నా గురించే రాయండి."

"నీ గురించి ఆలోచించడానికి గదెందుకయ్యా?" అంది సువార్త. "పొయ్యి దగ్గర ఆలోచించట్లేదూ? పొగ కూడా ఉంటుంది, ఏడుపు కూడా కలిసొస్తుంది."

"చూశారా అక్కా" అన్నాడు యేసుదాసు నా వైపు తిరిగి, "ఏకాంతం ఇవ్వకముందే ఇలా మాట్లాడుతోంది. ఇచ్చాక ఏవవుద్ది?"

అయినా సంతకం పెట్టాడు. రోజుకో గంట ఇంట్లో గొడవ తగ్గుతుందని తర్వాత నాతో చెప్పాడు.

ఇక గది. పత్రికల గదిలోంచి పత్రికలు తీసేశారు. నా మూల కుర్చీని కూడా తీసేశారు. వడ్రంగి వచ్చి తలుపుకి లోపలివైపు గొళ్ళెం బిగించబోయాడు.

"ఆగు" అన్నారు ఉమాకాంతం గారు. "లోపల గొళ్ళెం పెట్టుకున్నాక లబ్ధిదారులకి ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? బయట పెట్టు."

"పుస్తకంలో లోపలేనండి" అన్నాను నేను. వరండాలో గాజు పెట్టె దగ్గర నిలబడి ఉన్నాను. ఆ రోజుల్లో నేను ఎక్కువగా అక్కడే ఉండేదాన్ని.

"పుస్తకంలో బాధ్యత లేదమ్మా. ఆఫీసులో ఉంది."

"బయట గొళ్ళెం పెడితే దాన్ని ఏకాంతం అంటారాండి?"

"భద్రతతో కూడిన ఏకాంతం అంటారు."

వడ్రంగి నన్నూ ఆయన్నీ చూసి, ఉన్న మేకులన్నీ బయటివైపే కొట్టేశాడు.

ముప్పై ఎనిమిది మందికి ఒకటే గది. విడివిడిగా ఒక్కొక్కరికీ గంట ఇస్తే రోజుకి ముప్పై ఎనిమిది గంటలు కావాలి. రోజుకి అన్ని గంటలు మంజూరు కాలేదు. అందుకని ఏకాంతం సామూహికంగా ఇవ్వాలని నిర్ణయం జరిగింది. నేలమీద సుద్దముక్కతో ముప్పై ఎనిమిది సున్నాలు గీశారు. ఎవరి సున్నాలో వాళ్ళు కూర్చుని ఏకాంతంగా ఉండాలి. పక్క సున్నాలోకి చెయ్యి చాపకూడదు. మాట్లాడకూడదు. లేసు అల్లకూడదు, ఎందుకంటే అది పని. అల్లకుండా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మావాళ్ళకి తెలియలేదు. ఒడిలో పెట్టుకుని, ఎవరివో చేతులు చూస్తున్నట్టు చూసుకున్నారట.

ఏకాంతం సక్రమంగా జరుగుతోందో లేదో చూడడానికి లోపల ఒక పర్యవేక్షకురాలిని వేశారు. ఆవిడ ఎవరితోనూ మాట్లాడకూడదు కాబట్టి ఆవిడకి అనుమతి లేకుండా ఏకాంతం లభించే ప్రమాదం ఉందని, ఆవిడకి తోడుగా ఇంకొకావిణ్ణి వేశారు.

గంట అయ్యాక ప్రతి లబ్ధిదారూ ఆలోచనల నివేదిక ఇవ్వాలి. ఇవ్వనిదే బయటికి పంపరు. మొదటి రోజు సువార్త నివేదిక: 'కూరలో ఉప్పు వేశానా లేదా'. దాన్ని 'ఉపయోగకరం' కింద నమోదు చేశారు. సువార్త పక్క సున్నాలో కూర్చున్న పీరమ్మ 'ఏమీ ఆలోచించలేదు' అని రాయించింది. ఆవిడకి ఏకాంత దుర్వినియోగం కింద హెచ్చరిక పత్రం ఇచ్చారు. మర్నాటి నుంచి అందరూ ఉప్పు గురించే రాయడం మొదలెట్టారు. ఉప్పు విషయంలో మహిళల్లో విశేషమైన చైతన్యం కలిగిందని పైకి నివేదిక వెళ్ళింది.

పదిరోజులు తిరక్కుండానే మావాళ్ళు ఏకాంతం ఎగ్గొట్టడం మొదలెట్టారు. ఒకళ్ళకి నడుం నొప్పి, ఒకళ్ళకి దూడ తప్పిపోయింది. హాజరు నూటికి నూరు ఉండాలి కాబట్టి, భార్యల్ని తీసుకొచ్చి దిగబెట్టి, గంట అయ్యాక తీసుకెళ్ళే బాధ్యత సంరక్షకులకి అప్పగించారు. మధ్యలో ఇంటికి వెళ్ళి రావడం ఎందుకని ముప్పై ఎనిమిది మందీ వరండాలోనే చాపలు పరుచుకున్నారు. పేకాట ఆడుకున్నారు. కొందరు కునుకు తీశారు. పెళ్ళాం పిలవదు, పిల్లలు ఏడవరు.

"ఇంత హాయి ఎప్పుడూ ఎరగనక్కా" అన్నాడు యేసుదాసు, గాజు పెట్టె కాలికి వీపు ఆనించుకుని. "ఆ అమెరికా అమ్మ ఎవరో గాని దేవత."

అంతలో నాకు ఉద్యోగం వచ్చింది. తలుపు బయట గొళ్ళెం పెట్టి, గంటకి తీసే మనిషి కావాలి. ఆ మనిషికి చదువు రావాలి, ఎందుకంటే తలుపు పక్కన అంటించిన పదకొండు నిబంధనలూ చదివి అమలు చేయాలి. ఆ మనిషి లబ్ధిదారు కాకూడదు. ఊరంతా వెతికితే నేనొక్కదాన్నే తేలాను. నన్ను 'గొళ్ళెం బాధ్యురాలు'గా నియమించారు. ఒక స్టూలు ఇచ్చారు. స్టూలు సరిగ్గా గాజు పెట్టెకి ఎదురుగా పడింది. రోజూ గంటసేపు లూసమ్మ పుస్తకానికి ఎదురుగా కూర్చుని, అట్టలేని మొదటి పేజీ చూస్తూ ఉండేదాన్ని. గొడ్డలి ఇంకా గాల్లోనే ఉంది.

ఊరికే కూర్చోలేక నిబంధనలు చదివాను. అవి కూడా తెలుగే. ఒకటికి పదిసార్లు చదివాను. నాలుగోది: 'గంట పూర్తి కాకుండా ఎట్టి పరిస్థితిలోనూ, ఎంతటివారు కోరినప్పటికీ గొళ్ళెం తీయరాదు, లోపలివారి సంరక్షకుల రాతపూర్వక సమ్మతి ఉన్న సందర్భం మినహా.' తొమ్మిదోది: 'గదిలోకి ప్రవేశించు ప్రతి ఒక్కరూ సెల్ ఫోనును గొళ్ళెం బాధ్యురాలి వద్ద అప్పగించవలెను.' పదకొండోది: 'ఆలోచనల నివేదిక అందనిదే ఎవరినీ విడుదల చేయరాదు.'

పథకం మంచి పేరు తెచ్చుకుంది. రాష్ట్ర సలహాదారు గారు స్వయంగా చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. ఆ రోజు గ్రంథాలయానికి మామిడాకులు కట్టారు. వరండాలో బల్లల మీద లడ్డూ, కారప్పూస. మావాళ్ళు ముప్పై ఎనిమిది మందీ ఒకే రంగు చీరల్లో. సలహాదారు గారు దండ వేయించుకుని, పావుగంట మాట్లాడారు. స్త్రీ, ఆకాశం, సగం, వెలుగు, ఇలాంటి మాటలు చాలా వచ్చాయి.

తర్వాత ఫొటో. "కొత్తగా అక్షరాలు నేర్చిన మహిళ స్మారక గ్రంథాన్ని పఠిస్తున్నట్టు ఒకటి తీయండి" అన్నారాయన. గాజు పెట్టె తాళం తీశారు. పుస్తకం నా చేతిలో పెట్టారు. పసుపు వేళ్ళకి అంటుకుంది. ఫొటో తీశారు. ఎవరూ తిరిగి తీసుకోలేదు. తిరిగి తీసుకోవాలని ఏ నిబంధనలోనూ లేదు.

అప్పుడే సలహాదారు గారికి ఒక ఉత్సాహం వచ్చింది. "మనం కూడా ఒక్క నిమిషం ఆ అనుభూతి పొందుదాం" అంటూ గదిలోకి నడిచారు. ఉమాకాంతం గారు వెంట వెళ్ళారు. "మీరూ రండి" అంటే భానోజీరావు గారూ వెళ్ళారు. ఉమాకాంతం గారు గుమ్మం దగ్గర నిలబడి, సలహాదారు గారు వినేలా గట్టిగా అన్నారు:

"ఏమ్మా, అంతా నిబంధనల ప్రకారం జరగాలి. మాకని ఏ మినహాయింపూ వద్దు."

"అలాగేనండి" అన్నాను. "ఫోన్లు ఇవ్వండి."

సలహాదారు గారు నవ్వుతూ ఇచ్చారు. ముగ్గురి ఫోన్లూ లేసు బుట్టలో పెట్టుకున్నాను. తలుపు మూసి గొళ్ళెం పెట్టాను. టైము మూడు.

స్టూలు మీద కూర్చుని నూట తొమ్మిదో పేజీ తెరిచాను.

మొదటి పేజీ సగంలో తలుపు చప్పుడైంది. "ఇక తియ్యమ్మా, చాలు. అనుభూతి కలిగింది" అన్నారు సలహాదారు గారు.

"గంట కావాలండి. నాలుగో నిబంధన."

లోపల గుసగుసలు. తర్వాత ఉమాకాంతం గారి గొంతు. "నేను ప్రత్యేకాధికారిని చెబుతున్నాను, తియ్యి!"

"'ఎంతటివారు కోరినప్పటికీ' అని ఉందండి. మీ సంరక్షకుల సమ్మతి పత్రాలుంటే తలుపు కిందనుంచి ఇవ్వండి, ఇప్పుడే తీస్తాను."

"మాకు సంరక్షకులెవరు?"

"అది నాకెలా తెలుస్తుందండి? మీరే రాసుకోవాలి."

సువార్త లడ్డూ తింటూ వచ్చి నా పక్కన నేలమీద కూర్చుంది. "వదినా, గట్టిగా చదవవే" అంది. గట్టిగా చదవడం మొదలెట్టాను. మావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. పీరమ్మ కారప్పూస పళ్ళెం మధ్యలో పెట్టింది. మగవాళ్ళు అలవాటు ప్రకారం చాపలు పరుచుకున్నారు గాని పేక తీయలేదు.

నూట పన్నెండో పేజీలో ఉండగా బుట్టలో ఫోను మోగింది. ఉమాకాంతం గారిది. తీశాను.

"ఏవండీ, పాలు విరిగిపోయాయి, వచ్చేటప్పుడు..."

"అమ్మా, ఉమాకాంతం గారు ఏకాంతంలో ఉన్నారండి. నేను గొళ్ళెం బాధ్యురాలిని."

"ఎంతసేపమ్మా?"

"గంటండి. కావాలంటే మీరు సంరక్షకురాలిగా సమ్మతి రాసిస్తే ముందే తీయవచ్చు."

"అయ్యో, తొందరేం లేదు" అన్నారావిడ. "రెండు గంటలు చేయడానికి ఏమైనా వీలుంటుందా?"

నిబంధనల్లో లేదని చెప్పాను. ఆవిడ నిరాశగా ఫోను పెట్టేశారు.

నూట పద్నాలుగో పేజీ. మొగుడు గొడ్డలి ఎత్తాడు. వడ్రంగి కళ్ళు మూసుకున్నాడు. అదే క్షణంలో లోపల్నుంచి గొళ్ళెం తీసిన చప్పుడు. దొర్కా తలుపు తెరిచింది. అందరూ ఆవిణ్ణి తోసుకుని లోపలికి తొంగిచూశారు. బోర్లించిన బకెట్టు ఒకటి. చిన్న కిటికీ. బంగాళాదుంపల బస్తా. ఇంకేమీ లేదు.

"ఏం చేస్తున్నావు లోపల?" అని మొగుడు అడిగాడు.

"కూర్చున్నాను."

"ఇంకా?"

"అంతే."

"అమ్మ దొర్కా!" అంది సువార్త.

ఊరికి ఇదే ఎక్కువ కోపం తెప్పించింది. ఏ తప్పుడు పనో చేస్తూ ఉంటే క్షమించేవాళ్ళు. పాస్టరు గారు క్షమాపణ కూడా ముందే సిద్ధం చేసుకొచ్చారు. ఏమీ చేయకుండా కూర్చోవడాన్ని ఎలా క్షమించాలో ఆయనకి తెలియలేదు. ఆ సాయంత్రమే మొగుడు గొళ్ళెం ఊడదీసి బావిలో పారేశాడు. అక్కడికి నూట పద్దెనిమిది పేజీలయ్యాయి. గోడ గడియారం నాలుగు కొట్టింది.

"గంటైంది! తియ్యి!" సలహాదారు గారూ ఉమాకాంతం గారూ ఒకేసారి అరిచారు.

ఇంకా రెండు పేజీలు. తీస్తే పుస్తకం మళ్ళీ గాజు పెట్టెలోకి పోతుంది. చూపు గోడమీది నిబంధనల మీద పడింది.

"పదకొండోది ఉందండి" అన్నాను. "ఆలోచనల నివేదికలు ఇవ్వండి, వెంటనే తీస్తాను."

లోపల కాగితం కోసం వెతుకులాట. ఒకటే పెన్ను ఉందట, దానికోసం మాటామాటా అనుకున్నారు. నేను వాళ్ళని తొందరపెట్టలేదు. నూట పంతొమ్మిది చదివాను. నూట ఇరవై చదివాను.

మర్నాడు భోజనాలయ్యాక దొర్కా మళ్ళీ సరుకుల గదిలోకి వెళ్ళింది. గొళ్ళెం లేని తలుపు దగ్గరికి వేసింది. మొగుడు విసవిసా వచ్చాడు. తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని, చేతిలో మేజోడు అల్లుకుంటూ, వాళ్ళమ్మ కూర్చుని ఉంది. మొదటి రోజునుంచీ అక్కడే నిలబడి తిట్టిన ముసలావిడ.

"జరుగమ్మా" అన్నాడు.

"ఇప్పుడు కాదు" అందావిడ.

పుస్తకం అయిపోయింది. చివరి పేజీ వెనక తిప్పి చూశాను, ఏమీ లేదు, తెల్లగా ఉంది. పూర్తిగా పరిచిన బల్లగుడ్డ ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

తలుపు కిందనుంచి మూడు కాగితాలు వచ్చాయి. సలహాదారు గారిది ఒకటే మాట: 'నీళ్ళు.' ఉమాకాంతం గారిది: 'నిబంధనలలో కొన్ని సవరణలు అత్యవసరమని భావించడమైనది.' భానోజీరావు గారు గుండ్రటి చేతిరాతతో ఇలా రాశారు: 'గోడవైపు తిరిగి నా సున్నాలో కూర్చున్నాను. తలుపు బయట పల్లాలమ్మ ఒత్తులు తప్పకుండా చదివింది.'

గొళ్ళెం తీశాను.

వారం తిరక్కుండా నాకు రెండో ఉత్తరం వచ్చింది. 'అధికారులను నిర్బంధించినందులకు, గొళ్ళెం తీయనందులకు సంజాయిషీ' అడిగారు. ఈసారి జవాబు నేనే రాశాను. ఒక రోజంతా పట్టింది. 'అయ్యా, చదువు రాకముందైతే తలుపు కొట్టగానే తీసేదాన్ని. ఇప్పుడు మీ నిబంధనలు చదవగలను' అని రాసి, కింద సంతకం పెట్టాను. దానికి జవాబు ఇంతవరకూ రాలేదు.

పథకం మాత్రం ఆగిపోయింది. లక్ష్యం నూటికి నూరు శాతం సాధించినందువల్ల ముగించడమైనదని కాగితం వచ్చింది. సున్నాలు కడిగేశారు. గాజు పెట్టె వేరే ఊరికి తీసుకెళ్ళారు, అక్కడ ఇంకో రచయిత్రి ఉందట. పుస్తకం మళ్ళీ అరలోకి వచ్చింది. ఉమాకాంతం గారు బదిలీ అయ్యే ముందు మనిషిని పంపి ఆ తలుపుకున్న గొళ్ళేన్ని ఊడబీకించారు. లోపలా లేదు, బయటా లేదు. మేకుల బొక్కలు మాత్రం మిగిలాయి.

వాళ్ళు నా స్టూలు తీసుకెళ్ళడం మరిచిపోయారు.

మొన్న మూడు గంటలకి నేను గ్రంథాలయంలో ఉండగా సువార్త వచ్చింది. చేతిలో లేసు లేదు. కాసేపు అటూ ఇటూ చూసి, "వదినా, ఆ గదిలో ఎవరైనా ఉన్నారా?" అంది.

"లేరు."

"నేను కాసేపు..." అని ఆగిపోయింది.

"వెళ్ళు" అన్నాను.

తలుపు దగ్గరికి వేసుకుంది. నేను స్టూలు జరుపుకుని, తలుపుకి వీపు ఆనించి, పువ్వు అల్లుకుంటూ కూర్చున్నాను. ఇంకాసేపటికి యేసుదాసు గబగబా వచ్చాడు.

"అక్కా, సువార్త ఇక్కడుందా? అన్నం కుండ ఎక్కడ పెట్టిందో తెలియట్లేదు. ఏం చేస్తోంది లోపల?"

"ఇప్పుడు కాదు" అన్నాను.

రేపు నా వంతు. సువార్త తన ఆకుల పని తెచ్చుకుంటానంది.